విదేశీ చదువుకి వెళ్తున్నారా? ఇల్లు వెతకడం నుంచి డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవడం దాకా

అడ్మిషన్ లెటర్ చేతికి రాగానే ఫీజు, లోన్, వీసా, టికెట్ అంటూ పరుగు మొదలవుతుంది. ఇంటి సంగతి మాత్రం "వెళ్లాక చూసుకోవచ్చులే, సీనియర్లు ఎవరో ఒకరు ఉంటారు" అని పక్కన పడిపోతుంది. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. టికెట్ తేదీ మార్చుకోవచ్చు, కానీ చూడకుండా సంతకం పెట్టిన ఏడాది లీజులోంచి బయటపడటం చాలా కష్టం, ముక్కూమొహం తెలియని ఓనర్‌కి పంపిన డిపాజిట్ రాబట్టడం ఇంకా కష్టం. అందుకే మొదట్లోనే నా అభిప్రాయం చెప్పేస్తాను. యూనివర్సిటీ గది దొరికితే మొదటి ఏడాదికి అదే తీసుకోండి. దొరక్కపోతే దిగిన కొత్తలో కొన్ని వారాలకి ఒక ఏర్పాటు, ఏడాదికి ఇంకో ఏర్పాటు అని రెండుగా విడగొట్టి, ఏడాది ఇంటిని కళ్లతో చూశాకే ఖాయం చేయండి. దీనికి ఒక మినహాయింపు ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

1. ముందు తేదీలు, తర్వాత డబ్బు లెక్క

ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి: మీ వీసాతో ఆ దేశంలోకి అడుగు పెట్టగలిగే మొదటి రోజు, ఓరియెంటేషన్ రోజు, క్లాసులు మొదలయ్యే రోజు, గది తాళం చేతికొచ్చే రోజు. అమెరికా ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద కోర్సు మొదలవడానికి 30 రోజుల ముందు నుంచే వెళ్లనిస్తారు. బ్రిటన్‌లో ఆరు నెలలు దాటిన కోర్సైతే నెల ముందు, ఆరు నెలలు లేదా అంతకన్నా తక్కువైతే వారం ముందు వెళ్లొచ్చు. తాళం 1వ తేదీన ఇస్తామని చెప్తే మీరు అంతకుముందు 24న దిగితే, మధ్యలో ఆ వారం రోజులు ఎక్కడుంటారో ముందే తేల్చుకోవాలి. టికెట్ బుక్ చేశాక ఈ లెక్క వేస్తే ఆలస్యమైపోతుంది.

అద్దె లెక్కలో కొత్తవాళ్లు పడే పెద్ద తికమక వారం అద్దె. బ్రిటన్‌లో స్టూడెంట్ గదులకి, ఆస్ట్రేలియాలో దాదాపు అన్నిటికీ అద్దె వారానికి ఇంత అని చెప్తారు. వారానికి 200 అంటే నెలకి 800 అనుకుంటారు, కాదు. 200ని 52తో గుణించి 12తో భాగిస్తే నెలకి దాదాపు 867 వస్తుంది, అంటే ఏడాదికి 800 తేడా. అలాగే జర్మనీలో ప్రకటన చూసేటప్పుడు "కాల్ట్‌మీటె" అన్నది ఉత్త గది అద్దె మాత్రమే, హీటింగ్, నీళ్లు, బిల్డింగ్ ఖర్చులు కలిపితే వచ్చేది "వార్మ్‌మీటె". మీ జేబులోంచి నెల నెలా పోయేది రెండోది, కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దాంట్లో కూడా ఉండవు. వీటికి తోడు అక్కడ ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల టీవీ, రేడియో ప్రసార రుసుము ఉంటుంది. ఇది ఇంటికి ఒకటే, మనిషికి ఒకటి కాదు, కాబట్టి నలుగురు కలిసి ఉంటే నలుగురూ పంచుకోవచ్చు.

ఇంకో విషయం, దీన్ని దయచేసి ఇద్దరికి చెప్పండి. జర్మనీకి వెళ్లేవాళ్లు బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చు డబ్బు ముందే వేసి చూపించే అకౌంట్) 11,904 యూరోలు వేసి డబ్బు సరిపోయిందని నిశ్చింతగా ఉంటారు. ఆ అకౌంట్‌లోంచి నెలకి 992 యూరోలే బయటికి వస్తాయి. ఓనర్ అడిగే డిపాజిట్ మాత్రం చట్ట ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె దాకా ఉండొచ్చు. కాబట్టి డిపాజిట్, మొదటి నెల అద్దె, దిగిన కొత్తలో ఉండే తాత్కాలిక గది ఖర్చు, ఈ మూడూ బ్లాక్డ్ అకౌంట్ బయట విడిగా చేతిలో ఉండాలి. అక్కడి చట్టం డిపాజిట్‌ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు ఇస్తుంది, ఓనర్‌ని మర్యాదగా అడగండి. ఏ దేశమైనా మొదటి నెలలో మామూలు నెలకన్నా మూడు నాలుగు రెట్లు ఖర్చవుతుందని అనుకునే బయల్దేరండి.

2. యూనివర్సిటీ గదికి అడ్మిషన్ వచ్చిన రోజే అప్లై చేయండి

వీసా వచ్చాక అప్లై చేద్దాం అనుకోవద్దు. చాలా యూనివర్సిటీల్లో హౌసింగ్ ఫారం అడ్మిషన్ ఒప్పుకున్న వెంటనే తెరుచుకుంటుంది, గదులు అయిపోయేదాకానో ఒక గడువు దాకానో ఇస్తారు. బ్రిటన్‌లో చాలా చోట్ల ఫలానా తేదీ లోపు అప్లై చేసిన మొదటి ఏడాది విద్యార్థులకి గది గ్యారంటీ అంటారు, ఆ తేదీ దాటితే ఆ మాట వర్తించదు. వీసా రాకపోతే ఏమవుతుందని అప్లై చేసేముందే ఈమెయిల్‌లో అడగండి: వీసా రిజెక్ట్ అయితే కట్టింది ఎంత వెనక్కి ఇస్తారు, ఏ తేదీ లోపు చెప్పాలి, ఏ కాగితం చూపించాలి. జవాబు రాతపూర్వకంగా దగ్గర పెట్టుకోండి.

జర్మనీలో హాస్టళ్లు యూనివర్సిటీ చేతిలో కాకుండా "స్టుడీరెండెన్‌వెర్క్" అనే సంస్థల చేతిలో ఉంటాయి, ప్రతి ప్రాంతానికీ ఒకటి. యూనివర్సిటీకి రాస్తే గది రాదు, అక్కడ విడిగా అప్లై చేయాలి, పెద్ద ఊళ్లలో వెయిటింగ్ లిస్టు నెలల తరబడి సాగుతుంది. లిస్టులో పేరు పెట్టి, మధ్యమధ్యలో వాళ్లు పంపే "ఇంకా కావాలా?" ఈమెయిల్‌కి జవాబివ్వండి, జవాబివ్వని పేర్లు చాలా చోట్ల తీసేస్తారు. ఫ్రాన్స్‌లో ఇదే పని చేసేది "క్రూస్". అక్కడ స్కాలర్‌షిప్ విద్యార్థులకి ముందు ఇచ్చి, మిగిలిన గదులు తర్వాత మిగతావాళ్లకి తెరుస్తారు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి కొన్నిసార్లు కొన్ని గదుల కోటా ఉంటుంది, అడిగినవాళ్లకే చెప్తారు, కాబట్టి అడగండి.

అమెరికాలో క్యాంపస్ గది తీసుకుంటే మెస్ ప్లాన్ తప్పనిసరా, సెలవుల్లో గది ఖాళీ చేయమంటారా అన్నవి చూసుకోండి. సెమిస్టర్ల మధ్య డార్మ్ మూసేసే చోట ఆ మూడు వారాలు ఎక్కడ ఉండాలన్నది ఇంటికి తిరిగి వెళ్లలేని విదేశీ విద్యార్థికి నిజమైన సమస్య.

3. బయట వెతికేటప్పుడు: ముందు క్యాంపస్ ఎక్కడుందో చూడండి

ఇది చిన్న మాటలా అనిపిస్తుంది గానీ, ఒకే యూనివర్సిటీకి నాలుగైదు క్యాంపస్‌లు, కొన్నిసార్లు వేర్వేరు ఊళ్లలో ఉంటాయి. మీ డిపార్ట్‌మెంట్ ఏ బిల్డింగులో ఉందో అడ్రసు తెచ్చుకుని మ్యాప్‌లో అదే పెట్టండి. దూరం కిలోమీటర్లలో కాదు, పొద్దున తొమ్మిదింటి క్లాసుకి ఎంతసేపు, రాత్రి పదిన్నరకి లైబ్రరీ నుంచి ఎంతసేపు అని చూడండి, మ్యాప్ యాప్‌లో ఆ టైం పెట్టి చూస్తే వస్తుంది. ఆదివారం చివరి బస్సు ఎన్నింటికో కూడా చూడండి. అద్దె తక్కువని ఊరి చివర తీసుకుని, పార్ట్‌టైం పని అయ్యాక బస్సు లేక క్యాబ్‌కి పెట్టే డబ్బుతో మొత్తం సమానమైపోతుంది.

గది రకాల్లో స్టూడియో అంటే వంట, పడక అంతా ఒకే గదిలో మీ ఒక్కరికి, అన్నిట్లోకీ ఖరీదు. ఎన్‌స్వీట్ అంటే బాత్రూమ్ మీది, కిచెన్ అందరిది. షేర్డ్ ఫ్లాట్ అంటే గది మీది, మిగతావన్నీ ఉమ్మడి. ఓనర్ కుటుంబంతో వాళ్ల ఇంట్లోనే ఒక గదిలో ఉండే పద్ధతి కూడా ఉంది, కొత్తవాళ్లకి ఇది నిశ్చింతగా ఉంటుంది, కానీ ఐర్లండ్, బ్రిటన్‌లలో అలా ఉండేవాళ్లకి మామూలు అద్దెదారుకి ఉండే చట్టరక్షణ చాలా వరకు ఉండదు, తక్కువ నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. జర్మనీలో అన్‌ఫర్నిష్డ్ ఇల్లంటే చాలాసార్లు వంటగదిలో స్టవ్, సింక్ కూడా ఉండవు, కాబట్టి ఒంటరిగా ఫ్లాట్ తీసుకోవడం కన్నా షేర్డ్ ఫ్లాట్‌లో గది మేలు. అక్కడే ఇంకో మంచి దారి ఉంది: వేరే విద్యార్థి ఒక సెమిస్టర్ బయటికి వెళ్తూ తన గదిని సామానుతో సహా కొన్ని నెలలకి అప్పగించడం. మూడు నాలుగు నెలల సబ్‌లెట్ దొరికితే, ఆ లోపు ఊరు తెలుస్తుంది, తొందర లేకుండా అసలు ఇల్లు వెతుక్కోవచ్చు.

ఎప్పుడు వెతకాలన్నది ఊరిని బట్టి మారుతుంది. బోస్టన్‌లో లీజులు చాలావరకు సెప్టెంబర్ 1న మారతాయి, క్యూబెక్‌లో జులై 1న. ఆ తేదీ దాటాక వెళ్తే మిగిలిన ఇళ్లే చూడాలి. అలాంటి ఊళ్లలో సబ్‌లీజే మొదటి దారి.

ఇక పైన చెప్పిన మినహాయింపు నెదర్లాండ్స్. అక్కడ ఇళ్ల కొరత ఎంత తీవ్రమంటే, ఫలానా తేదీకి గది దొరక్కపోతే రావద్దని కొన్ని యూనివర్సిటీలే విద్యార్థులకి చెప్పాయి. ఆ మాట సీరియస్‌గా తీసుకుని, అక్కడికి మాత్రం బయల్దేరే ముందే గది ఖాయం చేసుకోండి. నాలుగు నెలలు దాటి ఉండేవాళ్లు వెళ్లిన ఐదు రోజుల్లో మునిసిపాలిటీలో నమోదు కావాలి, దానికి అడ్రసు ఉండాలి. "ఈ గదిలో రిజిస్ట్రేషన్ కుదరదు" అని రాసిన ప్రకటనలు చాలా కనిపిస్తాయి, అవి వదిలేయండి. జర్మనీలోనూ ఇంట్లో చేరిన రెండు వారాల్లో నమోదు చేసుకోవాలి, ఓనర్ సంతకం పెట్టిన ధ్రువీకరణ లేకుండా అది జరగదు, అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ దగ్గర పని ఆగుతుంది. కాబట్టి ఈ రెండు దేశాల్లో ఓనర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, నమోదుకి కాగితం ఇస్తారా అని.

4. మోసాన్ని పట్టుకోవడం

మోసగాళ్ల కథ దాదాపు అన్ని దేశాల్లో ఒకటే. గది అందంగా ఉంటుంది, అద్దె చుట్టుపక్కల వాటికన్నా బాగా తక్కువ, ఓనర్ ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నానంటాడు, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానంటాడు, ఇంకో ముగ్గురు అడుగుతున్నారు ఈ రాత్రికే చెప్పమంటాడు. నమ్మించడానికి తన పాస్‌పోర్ట్ ఫోటో కూడా పంపుతాడు, అది ఇంతకుముందు మోసపోయిన ఎవరిదో అయి ఉంటుంది. పేరున్న బుకింగ్ సైట్ ద్వారా కట్టమని లింకు పంపుతారు, ఆ లింకు దొంగది. అందుకే మీ పాస్‌పోర్ట్ కాపీ కూడా కాంట్రాక్టు దశకి రాకుండా ఎవరికీ పంపకండి.

చెక్ చేయడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఫోటోలని ఇమేజ్ సెర్చ్‌లో వేయండి, అదే ఫోటో వేరే ఊళ్లో వేరే అద్దెతో కనిపిస్తే కథ అయిపోయింది. అడ్రసుని స్ట్రీట్ వ్యూలో చూసి, బిల్డింగు కిటికీలు ఫోటోలతో కలుస్తున్నాయా చూడండి. రికార్డు చేసిన వీడియో వద్దు, లైవ్ వీడియో కాల్ అడగండి, కాల్‌లో బాత్రూమ్ ట్యాపు తిప్పమనండి, కిటికీలోంచి రోడ్డు చూపించమనండి, బయటి తలుపు మీద నంబరు చూపించమనండి. నిజమైన ఓనర్‌కి ఇది ఐదు నిమిషాల పని. అమెరికాలో ఇంటి యజమాని పేరు చాలా కౌంటీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లండ్‌లో ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్ది రుసుముతో చూడొచ్చు. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఏంటంటే, ఆ ఊళ్లో ఉన్న ఒక సీనియర్‌నో, క్లాస్ గ్రూపులో పరిచయమైనవాళ్లనో వెళ్లి చూడమనడం. "మీరు ఉన్న ఊళ్లోనే మా వాళ్లు ఉన్నారు, రేపు వచ్చి చూస్తారు" అని ఒక్క మెసేజ్ పెట్టండి, దొంగ ఓనర్లలో చాలామంది దానికి జవాబే ఇవ్వరు.

డబ్బు ఎప్పుడు, ఎలా? సంతకాలైన కాంట్రాక్టు చేతికొచ్చాక, కాంట్రాక్టులో ఉన్న పేరు మీదే ఉన్న, ఆ దేశంలోనే ఉన్న బ్యాంక్ అకౌంట్‌కి మాత్రమే. గిఫ్ట్ కార్డులు, క్రిప్టో, నగదు ట్రాన్స్‌ఫర్ సర్వీసులు అడిగారంటే మాటలు అక్కడితో ఆపేయండి. చూడ్డానికే ఫీజు అడిగినా అంతే.

5. గ్యారంటర్ లేకపోతే

మీరు అద్దె ఎగ్గొడితే నేను కడతానని ఆ దేశంలో ఉండే ఒక మనిషి సంతకం పెట్టాలని చాలామంది ఓనర్లు అడుగుతారు. కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థికి అలాంటి మనిషి ఉండడు, అమెరికాలో క్రెడిట్ స్కోరు ఉండదు, జర్మనీలో దానిలాంటిదే అయిన షూఫా రిపోర్టు ఉండదు. దానికి బదులు ఏవి చూపించొచ్చో ఒక పీడీఎఫ్‌గా ముందే తయారుచేసుకోండి: అడ్మిషన్ లెటర్, అమెరికాకైతే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం, స్కాలర్‌షిప్ లేదా లోన్ మంజూరు లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంతకుముందు అద్దెకున్న చోటి నుంచి ఒక రెఫరెన్స్ ఉంటే అది, మీ గురించి నాలుగు లైన్లు. పోటీ ఎక్కువున్న ఊళ్లో గది చూసిన అరగంటలో ఇవన్నీ పంపినవాళ్లకే ఇల్లు దొరుకుతుంది.

ఫ్రాన్స్‌లో "విజాల్" అని ఉచిత గ్యారంటీ పథకం ఉంది, 30 ఏళ్ల వరకు ఉన్నవాళ్లకి, లాంగ్ స్టే స్టూడెంట్ వీసా మీద వెళ్లే విదేశీ విద్యార్థులకి కూడా వర్తిస్తుంది. లీజు సంతకం కన్నా ముందే తీసుకోవాలి. బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలే గ్యారంటర్‌గా ఉంటాయి, లేకపోతే ఫీజు తీసుకునే కంపెనీలు ఉన్నాయి. గ్యారంటర్ లేనివాళ్లని ఆరు నెలలో ఏడాదో అద్దె ముందే కట్టమనడం ఇంగ్లండ్‌లో మామూలుగా ఉండేది, 2025 రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి మామూలు ప్రైవేటు అద్దెల్లో నెలకి మించి ముందస్తుగా అడగకూడదు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద బ్లాకులకి నిబంధనలు వేరు, వాటి కాంట్రాక్టు విడిగా చదవండి.

6. లీజు చదవడం

విసుగొచ్చినా పూర్తిగా చదవండి. ముఖ్యంగా బయటపడే దారి: మధ్యలో వదిలేయాలంటే ఎన్ని నెలల నోటీసు, బదులు మనిషిని తెస్తే ఒప్పుకుంటారా, సబ్‌లెట్ చేయొచ్చా. కోర్సు తొమ్మిది నెలలై లీజు 12 నెలలైతే ఆ మూడు నెలలు ఎవరు కడతారన్నది సంతకానికి ముందు ప్రశ్న. లీజు దానంతట అదే కొనసాగుతుందా, వద్దంటే ఎప్పటిలోపు చెప్పాలి అన్నదీ చూడండి, అమెరికాలో 60 రోజుల ముందు చెప్పాలనే లీజులు మామూలే.

నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ఒకళ్లు వెళ్లిపోయినా మొత్తం అద్దె మిగతా ముగ్గురినీ అడిగే హక్కు ఓనర్‌కి ఉంటుంది. గదికొక లీజు దొరికితే కాస్త ఎక్కువైనా దానివైపే వెళ్లండి.

డిపాజిట్‌కి చాలా దేశాల్లో పరిమితి ఉంది. ఇంగ్లండ్‌లో మామూలుగా ఐదు వారాల అద్దె, అది 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టాలి, ఏ స్కీమో మీకు రాసివ్వాలి. నెదర్లాండ్స్‌లో రెండు నెలల మూల అద్దె. న్యూయార్క్‌లో ఒక నెల, కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి చాలా ఇళ్లకి ఒక నెల. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో నాలుగు వారాలు, అది ఓనర్ దగ్గర కాదు, ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. కెనడాలో ఒంటారియోలో చివరి నెల అద్దె ముందుగా తీసుకోవచ్చు గానీ డ్యామేజ్ డిపాజిట్ తీసుకోకూడదు, క్యూబెక్‌లో డిపాజిట్ కోరే హక్కే ఓనర్‌కి లేదు. మీరు వెళ్లే చోట పరిమితి ఎంతో తెలుసుకుని, అంతకన్నా ఎక్కువ అడిగే ఓనర్‌ని జాగ్రత్తగా చూడండి.

7. రూమ్మేట్లు, లీజులో మీ పేరు

ఇద్దరి ఫ్లాట్‌లో ఐదుగురు ఉండి అద్దె పంచుకోవడం ఖర్చు తగ్గిస్తుందని చాలామంది చేస్తారు. డబ్బు ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ లీజులో పేరు లేకపోతే ఆ అడ్రసు మీది అని చూపించే కాగితం ఉండదు, బ్యాంక్ అకౌంట్ దగ్గర ఇబ్బంది, డిపాజిట్ మీద హక్కు చెప్పుకోలేరు, గొడవొస్తే లీజులో ఉన్నవాళ్లు పొమ్మంటే పోవాలి. ఓనర్‌కి తెలిస్తే అందరినీ ఖాళీ చేయించొచ్చు. కనీసం ఓనర్ రాతపూర్వక అనుమతితో పేరు చేర్పించుకోండి.

కలిసి ఉండబోయేవాళ్లతో ముందే మాట్లాడాల్సినవి: ఎన్నింటికి పడుకుంటారు, వంట, కిచెన్ శుభ్రం ఎవరు ఎప్పుడు, బయటివాళ్లు ఎన్ని రోజులు ఉండొచ్చు, హీటింగ్ ఎంత పెడతారు, బిల్లు ఎవరి పేరు మీద. మంచి స్నేహితులైనా సరే రాసి గ్రూపులో పెట్టుకోండి. బిల్లు ఒక్కళ్ల పేరు మీద ఉంటే ఆ ఒక్కళ్లే బాధ్యులని మిగతావాళ్లు గుర్తుంచుకోవాలి.

8. తాళం తీసుకున్న రోజు

సామాను లోపల పెట్టకముందే ఫోన్ తీసి ప్రతి గోడ, నేల, కిటికీ, ఫ్రిజ్ లోపల, పరుపు కింద వీడియో తీయండి. గీతలు, మరకలు, పగుళ్లు దగ్గరగా ఫోటో తీసి, కరెంటు, గ్యాస్ మీటర్ రీడింగులతో కలిపి అదే రోజు ఓనర్‌కి ఈమెయిల్ చేయండి. మెసేజ్ యాప్ కాదు, ఈమెయిల్. ఇన్వెంటరీ కాగితం (ఇంటి స్థితి, వస్తువుల జాబితా) ఇస్తే చదవకుండా సంతకం పెట్టొద్దు, లేని వస్తువు ఉన్నట్టు రాసుంటే ఆఖర్న మీ డిపాజిట్‌లోంచే పోతుంది. ఫ్రాన్స్‌లో చేరిన పది రోజుల్లోపు ఆ కాగితంలో మార్పులు అడగొచ్చు.

ట్యాపులో వేడినీళ్లు, హీటర్, స్మోక్ అలారం, తలుపు తాళం అన్నీ చూడండి. కిటికీ మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు ఉంటే వెంటనే చెప్పండి, చలికాలం వచ్చాక చెప్తే మీరు గాలి ఆడనివ్వక వచ్చిందంటారు. ఫ్రాన్స్‌లో ఇంటి ఇన్సూరెన్స్ అద్దెదారుకి తప్పనిసరి, అమెరికాలో చాలా లీజులు అడుగుతాయి, అడగకపోయినా లాప్‌టాప్ కోసమైనా తీసుకోండి. ఇంగ్లండ్‌లో అందరూ ఫుల్‌టైం విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థకి కట్టే ఇంటి పన్ను) ఉండదు, కానీ దాని కోసం యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కి ఇవ్వాలి, లేకపోతే బిల్లు వస్తూనే ఉంటుంది.

9. ఖాళీ చేసేటప్పుడు

నోటీసు లీజులో చెప్పిన పద్ధతిలోనే ఇవ్వండి, జర్మనీలో ఇంటి లీజుకి సంతకం చేసిన కాగితమే కావాలి, ఈమెయిల్ చెల్లదు. శుభ్రం చేసి, చేరిన రోజు తీసినట్టే మళ్లీ వీడియో తీసి, తాళాలు ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. డిపాజిట్ కోతలకి లెక్క రాతపూర్వకంగా అడగండి, కాలిఫోర్నియాలో ఆ లెక్క, మిగిలిన డబ్బు 21 రోజుల్లో రావాలి, జర్మనీలో మాత్రం నెలలు పట్టొచ్చు. కాబట్టి చదువైపోయి దేశం వదిలి వెళ్తున్నా డిపాజిట్ పడేదాకా అక్కడి బ్యాంక్ అకౌంట్ మూసేయకండి, మీ కొత్త అడ్రసు, పనిచేసే ఈమెయిల్ ఓనర్‌కి ఇచ్చి వెళ్లండి.